తలుపు వేసే ముందు వెనుక సీటు చూడండి



ఈ నెల నేను వ్రాయబోయే సంగతి మొదట నా ఇంటి సంగతి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, చెప్పకపోతే తప్పు చేసినవాడినవుతాను.

కొన్ని సంవత్సరాల క్రితం, మే నెలలో, గురజాల దగ్గర ఒక పల్లెలో పెండ్లి జరిపించి మధ్యాహ్నం వేళ నరసరావుపేట తిరుగు ప్రయాణమయ్యాము. సంఘస్థులవి రెండు కార్లు. ముందు కారులో నేను, వెనుక కారులో నా భార్య. మా చిన్నమ్మాయికి అప్పటికి మూడేళ్ళు. పెండ్లి భోజనం తిని, నా కారు వెనుక సీటులో ఒక పెద్దమ్మగారి ఒడిలో నిద్రపోయింది. ఆ పెద్దమ్మగారు పిడుగురాళ్ళలో దిగుతూ పాపను సీటు మీదనే పడుకోబెట్టి, నాతో చెప్పి మరీ దిగింది. నేను తల ఊపాను. అప్పుడు ఫోనులో మాట్లాడుతున్నాను.

ఇంటి ముందు కారు ఆగింది. బైబిలు, సంచి తీసుకొని లోపలికి వెళ్ళాను. కారు నడిపిన సహోదరుడు తాళం వేసి, మంచినీళ్ళ కోసం నా వెనుకనే వచ్చాడు. కొద్దిసేపటికి రెండవ కారు వచ్చింది. నా భార్య వచ్చి ఫ్యాను క్రింద కూర్చుంది. పాప తల్లి దగ్గర ఉందని నేను, తండ్రి దగ్గర ఉందని ఆమె. పక్కింటి అవ్వ గుమ్మంలో నిలబడి, "పాప ఏదమ్మా?" అని అడిగింది. "అయ్యగారి దగ్గర ఉంది" అన్న మాట నా భార్య నోటిలో ఉండగానే నేను వీధిలోకి పరుగెత్తాను.

తలుపు తీసేసరికి పాప గౌను తడిసి ముద్దయింది. ముఖం కందిపోయింది. ఏడ్వడానికి కూడా ఓపిక లేక గుడ్లప్పగించి చూస్తోంది. జరిగింది పావుగంట లోపే. దేవుని దయవలన బిడ్డ బ్రతికింది. ఇప్పుడు హైస్కూలులో చదువుకుంటోంది. కాని ఆ అవ్వ ఆ ప్రశ్న అడగకపోతే ఏమయ్యేదో తలచుకున్నప్పుడల్లా ఈనాటికీ నా చేతులు చల్లబడతాయి.

"కన్నబిడ్డను మరచిపోయే తండ్రి కూడా ఉంటాడా?" అని అంతకుముందు పేపరులో ఇలాంటి వార్తలు చదివినప్పుడు నేనే అనేవాడిని. ఆ రోజు తరువాత ఆ మాట అనడం మానుకున్నాను. లూకా సువార్త రెండవ అధ్యాయం తెరచి చూడండి. పస్కా పండుగ అయిన తరువాత యోసేపు, మరియ యెరూషలేము నుండి బయలుదేరి ఒక దినమంతా నడిచారు. పన్నెండేళ్ళ బాలుడు తమతో వచ్చేవారి గుంపులోనే ఎక్కడో ఉన్నాడనుకున్నారు. వారికి ప్రేమ తక్కువై కాదు. ఒకరి దగ్గర ఉన్నాడని మరొకరు అనుకున్నప్పుడు, ఎవరి దగ్గరా లేని బిడ్డ మిగిలిపోతాడు.

మన ఊళ్ళలో జరిగినవి

2025 మే 18, ఆదివారం. విజయనగరం దగ్గర ద్వారపూడి గ్రామంలో ఆరు నుండి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు నలుగురు ఆడుకోవడానికి బయటికి వెళ్ళి, ఆగి ఉన్న ఒక కారు ఎక్కారు. తలుపులు పడిపోయాయి. తీసుకోవడం వారికి రాలేదు. పెద్దలు వెదకి వెదకి కనుగొనేటప్పటికి నలుగురూ ప్రాణాలు విడిచారు. దానికి నెల రోజుల ముందే, 2025 ఏప్రిల్ 14న, తెలంగాణలో చేవెళ్ళ మండలం దామరగిద్దలో బంధువుల ఇంటికి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు, నాలుగేళ్ళు, ఐదేళ్ళ వాళ్ళు, ఇదే విధంగా ఇంటి దగ్గర ఆగి ఉన్న కారులో చనిపోయారు.

ఒక సంగతి గమనించండి. ఈ రెండు చోట్లా పిల్లలను ఎవరూ కారులో మరచిపోలేదు. పిల్లలే ఆడుకుంటూ ఎక్కారు. ఈ తేడాను మనసులో ఉంచుకోండి. క్రింద చెప్పబోయే పరికరాలలో మనకు ఏది పనికివస్తుంది, ఏది రాదు అన్నది దీని మీదనే ఆధారపడి ఉంది.

కారు లోపల ఏమి జరుగుతుంది?

మన పల్నాటివారికి ఎండ కొత్త కాదు. రెంటచింతల పేరు వేసవి పేపర్లలో ఎందుకు వస్తుందో అందరికీ తెలుసు. కాని నీడలో నలభై డిగ్రీలు వేరు, తలుపులు మూసిన కారులో నలభై డిగ్రీలు వేరు. ఎండ అద్దాలలోగుండా లోపలికి వస్తుంది. సీట్లు, స్టీరింగు, దాని ముందున్న నల్లని పలక ఆ వేడిని పట్టుకుంటాయి. పట్టుకున్న వేడి బయటికి పోవడానికి దారి ఉండదు. సున్నపు బట్టీకి మూత వేసినట్లే.

అమెరికాలో కాలిఫోర్నియా పరిశోధకులు దీనిని కొలిచి 2005లో ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. కారు ఆపిన మొదటి పది నిమిషాలలోనే లోపలి వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. అరగంటకు సుమారు పంతొమ్మిది డిగ్రీలు, గంటకు ఇరవై రెండు డిగ్రీల పైన పెరుగుతుంది. బయట ఇరవై రెండు డిగ్రీల చల్లని రోజున కూడా గంటలో లోపల నలభై ఏడు డిగ్రీలకు చేరింది. ఆ లెక్కన మాచర్లలో మే నెల మధ్యాహ్నం సంగతి మీరే ఊహించుకోండి. అద్దం రెండంగుళాలు దించి ఉంచితే చాలునని మనలో చాలామంది అనుకుంటారు. దానివలన చెప్పుకోదగిన తేడా రాలేదని ఆ కొలతలే చూపించాయి.

పేపర్లలో "ఊపిరాడక మృతి" అని వ్రాస్తారు. మన ఎండలో గాలి అయిపోవడానికి ముందే వేడి ప్రాణం మీదికి వస్తుంది. పసిబిడ్డ శరీరం పెద్దవారికంటే మూడు నుండి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. శరీరపు వేడి నలభై డిగ్రీలు దాటితే వడదెబ్బ. నలభై రెండుకు దగ్గరైతే ప్రాణాపాయం. అందుచేత "ఐదు నిమిషాలలో వస్తాను" అని బిడ్డను కారులో కూర్చోబెట్టి మందుల షాపులోకి వెళ్ళడం కూడా ప్రమాదమే. షాపులో ఐదు నిమిషాలు పదిహేను కావడం మనందరికీ అనుభవమే.

మరపు ఎక్కడినుండి వస్తుంది?

అమెరికాలో 1998 నుండి ఇప్పటివరకు ఈ విధంగా చనిపోయిన పిల్లలు వెయ్యిమందికి పైగా ఉన్నారు. వారిలో సగానికి పైగా పెద్దలు మరచిపోయిన బిడ్డలు. దాదాపు నాలుగవ వంతు తమంతట తామే కారు ఎక్కి చిక్కుకున్నవారు. తక్కినవారిలో ఎక్కువమంది పెద్దలు తెలిసి వదలి వెళ్ళిన పిల్లలు.

మరచిపోయినవారు త్రాగుబోతులు, బాధ్యత లేనివారు అనుకోకండి. ఉపాధ్యాయులు, నర్సులు, పాదిరులు కూడా వారిలో ఉన్నారు. దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డేవిడ్ డైమండ్ అనే ఆచార్యుడు చాలాకాలంగా దీనిని పరిశీలిస్తున్నారు. మన మెదడులో రెండు రకాల జ్ఞాపకాలు పనిచేస్తాయని ఆయన వివరిస్తారు. ఒకటి అలవాటు జ్ఞాపకం. రోజూ వెళ్ళే దారిలో కాళ్ళు వాటంతట అవే నడిచినట్లు, ఆలోచన లేకుండానే అది మనలను నడిపిస్తుంది. రెండవది "ఈ రోజు ఇది ప్రత్యేకంగా చేయాలి" అన్న జ్ఞాపకం. నిద్ర చాలనప్పుడు, మనసు వేరే చింతలో ఉన్నప్పుడు, రోజువారీ క్రమం మారినప్పుడు మొదటిది రెండవదానిని మింగేస్తుంది. ఆ రోజు నేను ఫోనులో ఉన్నాను. ఇల్లు రాగానే సంచి తీసుకొని దిగడం అలవాటు. బిడ్డ ఉండడం అలవాటు కాదు.

ఇంకొక విచిత్రం ఉంది. 1990ల మొదటి సంవత్సరాలలో అమెరికాలో ఈ మరణాలు అరుదు. ఆ దశాబ్దంలో ముందు సీట్లకు గాలిసంచులు వచ్చాయి. అవి తెరుచుకున్నప్పుడు పసిబిడ్డలకు దెబ్బ తగులుతోందని పిల్లలను వెనుక సీటుకు మార్చారు. అది మంచి సలహాయే. దానివలన ఎందరో పిల్లలు బ్రతికారు. కాని బిడ్డ తండ్రి కంటికి కనబడకుండా పోయింది. అటు తరువాత కారులో మరచిపోయిన పిల్లల మరణాలు పెరిగాయి. ఒక ప్రమాదానికి వేసిన కట్ట మరొక చోట గండి పెట్టినట్లయింది.

వచ్చిన పరికరాలు

ఈ గండి పూడ్చడానికి అనేక పరికరాలు వచ్చాయి. ముఖ్యమైనవి చెబుతాను.

మొదటిది తలుపుల లెక్క. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 2016లో ఒక కారులో దీనిని పెట్టింది. ప్రయాణానికి ముందు వెనుక తలుపు తెరిస్తే కారు జ్ఞాపకం ఉంచుకుంటుంది. దిగేటప్పుడు ఇంజను ఆపగానే గంట కొట్టి, వెనుక సీటు చూడమని తెర మీద చెబుతుంది. ఖర్చు తక్కువ, మంచి ఆలోచన. కాని లోపల బిడ్డ ఉన్నదీ లేనిదీ దానికి తెలియదు. తలుపు సంగతి మాత్రమే తెలుసు.

రెండవది పిల్లల సీటుకు అమర్చే దిండు. బిడ్డ కూర్చుని ఉండగా తండ్రి కారు వదలి దూరంగా వెళితే అతని ఫోను మ్రోగుతుంది. ఇటలీ దేశం ఇలాంటి పరికరం తప్పనిసరి అని 2018లో చట్టం చేసింది. నాలుగేళ్ళలోపు బిడ్డను కారులో తీసుకువెళ్ళే ప్రతివారికీ 2019 నవంబరు నుండి అది వర్తించింది. 2020 మార్చి నుండి జరిమానాలు మొదలయ్యాయి.

మూడవది బిడ్డనే కనిపెట్టే పరికరం. హ్యుందాయ్ కంపెనీ కొన్ని కార్లలో, తాళం వేసిన తరువాత వెనుక సీటులో కదలిక ఉంటే చెవికి వినబడని శబ్ద తరంగాలతో పసిగట్టి, హారన్ మ్రోగించే ఏర్పాటు చేసింది. ఇప్పుడు రాడార్ కూడా వచ్చింది. దుప్పటి క్రింద నిద్రపోయే పసికందు ఊపిరి తీసినప్పుడు రొమ్ము కదిలే కొద్దిపాటి కదలికను కూడా అది పట్టుకుంటుంది. యూరప్‌లో కొత్త కార్ల భద్రతకు నక్షత్రాలు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2023 నుండి బిడ్డను కనిపెట్టే ఏర్పాటుకు మార్కులు ఇస్తోంది.

నాలుగవది జపానువారిది. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. 2021లో ఐదేళ్ళ బాలుడు, 2022 సెప్టెంబరులో మూడేళ్ళ పాప బడి బస్సులలో మిగిలిపోయి చనిపోయారు. ఆ దేశమంతా తల్లడిల్లింది. 2023 ఏప్రిల్ నుండి పిల్లల బడి బస్సులన్నిటిలో భద్రతా పరికరం ఉండాలని చట్టం చేశారు. వాటిలో ఒక రకం చాలా సులభమైనది. ఇంజను ఆపగానే గంట మ్రోగడం మొదలుపెడుతుంది. ఆ గంట ఆపే మీట బస్సు చివరి సీటు దగ్గర ఉంటుంది. ఆపాలంటే డ్రైవరు బస్సు చివరిదాకా నడవవలసిందే. నడిస్తే ప్రతి సీటూ కంటపడుతుంది. యంత్రం మనిషికి బదులు చూడదు. మనిషిచేతనే చూపిస్తుంది.

మనకు ఏది పనికివస్తుంది?

ఇప్పుడు ద్వారపూడి, దామరగిద్ద పిల్లలను తలచుకోండి. ఈ పరికరాలలో మొదటి రెండూ వారిని కాపాడేవి కావు. ఇంజను ఆపి పెద్దలు వెళ్ళిపోయిన తరువాత పిల్లలు ఎక్కారు. అప్పుడు గంట ఎవరి కోసం మ్రోగుతుంది? మన ఇళ్ళలో పిల్లల సీట్లు ఉన్న కార్లే తక్కువ, పిల్లలు ఒళ్ళోనే కూర్చుంటారు. ఇక దిండు ఎక్కడ అమర్చాలి? రాడార్ వంటిది అలాంటి పిల్లలను కనిపెట్టగలదు. అదికూడా కారు తాళం వేసి లేనప్పుడు మేలుకొని ఉండేటట్లు అమర్చితేనే. ఈ ఏర్పాటు మన సంఘాలలోని సెకండుహ్యాండు కార్లలో ఉండదు.

మన దేశంలో 2019 జూలై నుండి తయారయ్యే కార్లలో ఒక నియమం ఉంది. బ్యాటరీ పోయినా లోపలివారు చేతితో తాళం తీసుకొని బయటపడే ఏర్పాటు ఉండాలి. మంచి నియమమే. కాని ఆ మీట ఎక్కడుందో ఆరేళ్ళ బిడ్డకు ఎవరు చూపించారు? పైగా వెనుక తలుపుల అంచున చైల్డ్ లాక్ అనే చిన్న మీట ఉంటుంది. అది వేసి ఉంటే లోపలినుండి ఎంత లాగినా వెనుక తలుపు రాదు. నడిచే కారులోనుండి బిడ్డ పడిపోకుండా పెట్టిన ఆ మీటయే, ఆగిన కారులో వాడికి చెరసాల తలుపు అవుతుంది.

కనుక పరికరం కొనగలిగినవారు కొనండి. కొత్త కారు కొనేటప్పుడు పాటల పెట్టె గురించి అడిగినట్లే ఈ ఏర్పాటు గురించి కూడా అడగండి. కొనలేనివారు క్రింది పనులు చేయండి. వీటికి పైసా ఖర్చు లేదు.

ఆగి ఉన్న కారుకు ఎప్పుడూ తాళం వేయండి. వాకిట్లో ఉన్నా, చెట్టు క్రింద ఉన్నా, మన కారే కదా అనుకోకండి. తాళం వేసే ముందు లోపల ఎవరూ లేరని వెనుక సీటు, క్రింద, డిక్కీ చూడండి. తాళంచెవి పిల్లలకు అందే మేకుకు తగిలించకండి. ఏడుస్తున్న బిడ్డకు ఆటవస్తువుగా ఇవ్వకండి.

బిడ్డ వెనుక ఉన్నప్పుడు మీ ఫోనుగాని, ఒక చెప్పుగాని వెనుక సీటు దగ్గర పెట్టండి. ఒక చెప్పుతో ఎవరూ ఇంట్లోకి వెళ్ళరు.

బిడ్డను ఒకరినుండి ఒకరు అందుకునేటప్పుడు పేరు పెట్టి చెప్పండి. "పాపను నీకు ఇస్తున్నాను" అంటే "నా దగ్గర ఉంది" అని అవతలివారు నోటితో అనాలి. తల ఊపితే చాలదు. నేను తలే ఊపాను.

పిల్లలకు నేర్పండి. కారు దాగుడుమూతలు ఆడుకునే చోటు కాదని చెప్పండి. ఒకవేళ చిక్కుకుంటే ముందు సీటుకు ఎక్కి అక్కడి తలుపు పిడి లాగాలి. స్టీరింగు మధ్య నొక్కి హారన్ మ్రోగిస్తూనే ఉండాలి. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా హారన్ మ్రోగుతుంది. మీ కారులో మ్రోగుతుందో లేదో సాయంత్రం పూట బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని చూడండి. తలుపు తీయడం వాడిచేతనే తీయించండి.

బిడ్డ కనబడకపోతే మనం ముందు బావి దగ్గరికి, సాగర్ కాలువ గట్టుకు పరుగెత్తుతాము. అది సరియే. అదే సమయంలో మరొకరు వీధిలో ఆగి ఉన్న ప్రతి కారు, ప్రతి డిక్కీ చూడాలి. అందరూ ఒకే వైపు పరుగెత్తవద్దు.

మూసిన కారులో ఒంటరి బిడ్డ కనబడితే యజమాని వచ్చేదాకా ఆగకండి. తలుపు రాకపోతే, బిడ్డకు దూరంగా ఉన్న ప్రక్క అద్దం మూల గట్టి వస్తువుతో కొట్టి పగులగొట్టండి. ముందు అద్దం సులభంగా విడిపోదు. దానితో సమయం పోగొట్టుకోకండి. బిడ్డను నీడకు తెచ్చి, బట్టలు వదులుచేసి, ఒంటిమీద చల్లని నీళ్ళు పోస్తూ విసరండి. వెంటనే 108కి ఫోను చేయండి. స్పృహలో లేని బిడ్డకు నోటిలో నీళ్ళు పోయకండి. అద్దానికి అయ్యే ఖర్చు తరువాత చూసుకోవచ్చు.

సంఘంగా మనం చేయగలిగినవి

పెండ్లికి, క్రిస్మసుకు, వేసవి కూటములకు మన దేవాలయ ఆవరణంలో కార్లు, ఆటోలు, వ్యానులు నిండిపోతాయి. పెద్దలు లోపల, పిల్లలు బయట. ఆ సమయాలలో వాహనాలు చూసుకోవడానికి ఇద్దరు యౌవనస్థులను నియమించండి. గంటకొకసారి ప్రతి వాహనంలోకి తొంగిచూడడం వారి పరిచర్య. వేసవి బైబిలు బడికి పిల్లలను వ్యానులో తెచ్చేవారు ఎక్కేటప్పుడు లెక్కపెట్టాలి, దిగేటప్పుడు లెక్కపెట్టాలి, ఆ తరువాత చివరి సీటుదాకా నడవాలి. జపానువారి గంట మన దగ్గర లేకపోతే, చివరి సీటు వెనుక "చూశాను" అని వ్రాసిన ఒక అట్ట తగిలించండి. డ్రైవరు దానిని తెచ్చి చేతికి ఇచ్చేదాకా వ్యాను పని అయిపోయినట్లు కాదు. మీ పిల్లలు వెళ్ళే బడి యాజమాన్యాన్ని కూడా ఈ ఒక్క పని అడగండి.

"ప్రేమ ఉంటే యంత్రమెందుకు అయ్యగారూ?" అని ఒక సహోదరి నన్ను అడిగింది. ద్వితీయోపదేశకాండము ఇరవై రెండవ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టినవాడు ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టించాలి. ఎవరైనా పడిపోతే ఆ రక్తదోషం ఇంటి మీదికి రాకూడదు. ఇంటివాడికి తన పిల్లల మీద ప్రేమ లేదని ఆ ఆజ్ఞ ఇవ్వలేదు. ప్రేమ ఉన్నవాడికి కూడా ఒకరోజు కన్ను మూతపడుతుంది, ఒకరోజు మనసు ఎటో పోతుంది. ఆ రోజు కోసమే పిట్టగోడ. దానిని కట్టేది కూడా ప్రేమే.

ఇప్పుడు మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. ఎవరి కారులో వెళ్ళినా, దిగగానే ఎవరో ఒకరు గట్టిగా "వెనుక సీటు?" అంటారు. మరొకరు తలుపు తెరచి, చేతితో తడిమి, "ఎవరూ లేరు" అనాలి. అప్పుడే తాళం పడుతుంది. చూసినవారు నవ్వుతారు. మా చిన్నమ్మాయి మాత్రం నవ్వదు. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేది ఎక్కువగా ఆమెనే.

ఈ పత్రిక ప్రక్కన పెట్టే ముందు మీ ఇంట్లో కారు తాళంచెవి ఎక్కడ తగిలించి ఉందో ఒక్కసారి చూసి రండి.